మెతోది ఎంచుకున్న కోర్సు

నూటపదమూడో పంది కాళ్ళు విదిలించి పడింది. మెతోది కరెంటు పటకారును దాని కణతల మీంచి తీసి, ఎడమ కాలితో ఇనుప తలుపు తన్ని, నూటపద్నాలుగోదాన్ని లోపలికి వదిలాడు. ముందుదాని వాసన అందినట్టుంది, అది గడప దగ్గరే ఆగి వెనక్కి తిరగబోయింది. మెతోది మోకాలు అడ్డం పెట్టి, దాని మెడను గోడకు అదిమి, పటకారు బిగించి మనసులో నాలుగు లెక్కపెట్టాడు. అది కట్టెలా బిగుసుకుని పక్కకు ఒరిగింది. వెనక కాలికి గొలుసు తగిలించగానే తలకిందులుగా పైకి లేచింది. అవతల రంగెల్ కత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒక్కటే పోటు. నెత్తురు తొట్టిలోకి ధారగా పడుతుండగానే మళ్ళీ తలుపు తెరుచుకుంది, మళ్ళీ మోకాలు అడ్డం పడింది.

ఇరవై ఏడేళ్ళుగా ఇదే పని. పొద్దున్న ఐదింటికి మొదలైతే ఒంటిగంటకు ముగుస్తుంది. బొగ్గు గనులు మూతబడ్డాక పెర్నిక్ ఊళ్ళో మగాడికి మిగిలిన నాలుగైదు ఉద్యోగాల్లో ఈ కబేళా ఒకటి. మెతోదికి నలభై ఏడేళ్ళు. పొట్టి మనిషి, గుమ్మానికి సరిపడా వెడల్పు. మెడ ఎక్కడ ఆగిందో, భుజం ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్ళు కిందికి జారి ఉంటుంది. కనుబొమలు రెండూ కలిసిపోయి ఒకటే గీత. అరచేతులు చూస్తే మాత్రం ఎవరైనా రెండడుగులు వెనక్కి వేస్తారు. రొట్టె కాల్చే పళ్ళేలంత ఉంటాయి. మాట్లాడటం అతనికి చేతకాదు. అతని నోట్లోంచి మాట రావాలంటే దవడ మీద తన్నాలని కబేళాలో అంటారు. కొందరు తన్ని కూడా చూశారు.

నూటముప్పయ్యోది సరిగ్గా పడలేదు. కొక్కేనికి వేలాడుతూ కళ్ళు తెరిచింది. అరిచిన అరుపుకి గోడల మీది పెంకులు అదిరాయి. ఊగి ఊగి రంగెల్‌ని ఛాతీ మీద గుద్ది పడేసింది. మెతోది పటకారు వదిలేసి, పరుగున వచ్చి, దాన్ని రెండు చేతులా వాటేసుకుని కదలకుండా పట్టుకున్నాడు. చెంపకు చెంప ఆనింది. రంగెల్ లేచి, బూతులు తిడుతూ, మెతోది చంక కింది నుంచి కత్తి దించాడు. వేడి నెత్తురు మెతోది మెడ మీంచి చొక్కాలోకి దిగింది. అది చచ్చేదాకా పట్టుకుని, వదిలి, పటకారు తీసుకుని తన చోటికి వెళ్ళాడు.

తొమ్మిదింటికి టిఫిను. బల్ల మీద రొట్టె, తెల్ల చీజు, ఊరేసిన మిరపకాయలు. వాటి పక్కన మెతోది మూడు కాగితాలు పరిచాడు. వారం రోజులుగా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు, మడతల దగ్గర చిరిగిపోతున్నాయి. మూడూ ఫిట్‌నెస్ ట్రైనర్ కోర్సులవే. మొదటిది శని ఆదివారాలది. ఏ పరీక్షా లేదు, ఆదివారం సాయంత్రం బంగారు అంచు సర్టిఫికెట్ చేతికిస్తారు. రెండోది ఫోన్లో నలభై వీడియోలు చూసి ప్రశ్నలకు టిక్కులు పెట్టేది. మూడోది రాజధాని సోఫియాలో, ఆరు నెలలు. ఎముకలు, కండరాలు, గుండె, దెబ్బ తగిలినవాళ్ళకీ ముసలివాళ్ళకీ ఏం చేయించాలి, ఏం చేయించకూడదు, అన్నీ నేర్పుతారు. చేర్చుకునే ముందు ఓ గంట పరీక్ష పెడతారు. ముక్కూ మొహం తెలియని మనిషిని ఇచ్చి కసరత్తు చేయించమంటారు, వాళ్ళు చూస్తారు.

"ఏంట్రా మెతో, ఈ వయసులో పలకా బలపం పడతావా?" అన్నాడు రంగెల్.

"పడతా."

"పడితే రెండ్రోజులది పట్టు. సోమవారం పొద్దున్నకల్లా ట్రైనరువి. గోడకి తగిలించాక అడిగేవాడెవడు?"

"అందులో ఏం నేర్పరు."

"నేర్పకపోతేనే కదరా సుఖం!"

తోలు వలిచే కీరో నోటినిండా రొట్టె పెట్టుకుని నవ్వాడు. "ఎలా చేయిస్తాడో నేను చెప్తా వినండి. ఒకటీ, రెండూ, మూడూ... ఇంక కరెంటే!" అంటూ మూడో కాగితం లాక్కుని నూనె చేతులు తుడుచుకున్నాడు.

మెతోది లేవలేదు. కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాపి, కీరో మెడ వెనక పట్టుకుని, మొహాన్ని బల్లకేసి కొట్టాడు. ఒక్కసారే. చీజు పళ్ళెం రెండు ముక్కలైంది. చుట్టూ ఉన్న ఎనిమిది మందిలో ఎవరూ నమలడం ఆపలేదు. కీరో తలెత్తి, అరచేతిలోకి ఉమ్మి, అందులోని పన్నును అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"ఇదెలాగూ కదుల్తోందిలే" అన్నాడు.

మెతోది తన నీళ్ళ సీసా అతని ముందుకు జరిపాడు. ఐదు నిమిషాల తర్వాత ఇద్దరూ గోడకానుకుని ఒకే సిగరెట్టు కాల్చారు. అక్కడ కొట్లాటలకు అంతకంటే ఆయుష్షు ఉండదు. మెతోది కాగితాన్ని తొడ మీద పెట్టి సాపు చేశాడు. అడ్రసు మీద నూనె మరక పడింది గానీ అక్షరాలు కనబడుతున్నాయి.

ఈ పిచ్చి అతనికి పట్టించింది డోనా పిన్ని. వాళ్ళ అపార్ట్‌మెంట్లోనే కింది అంతస్తులో ఉంటుంది, డెబ్భై దాటింది. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఆసుపత్రివాళ్ళు చేయగలిగింది చేసి ఇంటికి పంపారు. మెతోదికి ఆ బిల్డింగు నేలమాళిగలో ఓ కొట్టుగది ఉంది. కుర్రతనం నాటి ఇనుప రాడ్, తుప్పు పట్టిన ప్లేట్లు అందులో పెట్టుకుని సాయంత్రాలు ఎత్తుకుంటూ ఉంటాడు. ఓ రోజు ఆవిడను రెక్క పట్టుకుని అక్కడికి దింపాడు. చచ్చిన చేతిలో అప్పడాల కర్ర పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే మూశాడు. జారిపోతే మళ్ళీ పెట్టాడు. అలా ఏడు నెలలు. ఆవిడ ఏడ్చింది, తిట్టింది, అతని తల్లిని కూడా కలిపి తిట్టింది. ఓ సాయంత్రం "సోమరిదానా, పట్టుకో" అని అతను గదమాయిస్తే, ఆ కుడిచెయ్యే లేచి అతని చెంప ఫెళ్ళుమనిపించింది. ఇద్దరూ నోళ్ళు తెరుచుకుని ఆ చేతి వంక చూస్తూ ఉండిపోయారు.

మర్నాడు మెతోది కబేళాలో నవ్వుతూ కనబడ్డాడు. తాగొచ్చాడనుకున్నారు. ఈ చేతులు ముట్టుకున్నది ఏదైనా కింద పడటమే ఇన్నాళ్ళూ అతనికి తెలుసు. మొదటిసారి ఒకటి పైకి లేచింది. మళ్ళీ అలాంటిది కావాలని అతనికి ఆకలేసినంత గట్టిగా అనిపించింది. కానీ ఆవిడ చెయ్యి ఎందుకు లేచిందో అతనికి తెలియదు. తెలియకుండా ఇంకొకరిని ముట్టుకుంటే ఏమవుతుందోనని భయం. పందిని ఎక్కడ పట్టుకుంటే పడుతుందో నేర్చుకోవడానికే ఆరు నెలలు పట్టింది, మనిషిని లేపడానికి రెండు రోజులు చాలంటే ఎలా నమ్మడం? అందుకే మూడో కాగితం. గురువారాలూ సోమవారాలూ క్లాసులు, సాయంత్రం పూట. సరిపోతాయి. ఈ రోజు సోమవారం, పరీక్ష మూడున్నరకి.

ఇంటికి వచ్చి మూడుసార్లు సబ్బు రాసుకుని స్నానం చేశాడు. తెల్ల చొక్కా వేసుకుని కిందికి దిగేసరికి డోనా పిన్ని రాగి చెంబు పట్టుకుని గుమ్మంలో కాచుకుని ఉంది. పరీక్షకు వెళ్ళేవాడి ముందు నీళ్ళు పొయ్యకుండా ఆవిడ ఏ పిల్లవాణ్ణీ ఆ బిల్డింగు దాటనివ్వదు. పని నీళ్ళలా సాగిపోవాలి మరి. కుడిచేత్తోనే చెంబు వంచింది. సగం నీళ్ళు అతని బూట్ల మీద పడ్డాయి.

"నోరు తెరిచి నాలుగు ముక్కలు మాట్లాడు నాయనా. మొద్దులా నిలబడ్డావంటే ఎవరు తీసుకుంటారు నిన్ను?"

"అలాగే పిన్నీ."

"చూశావా, మళ్ళీ రెండు ముక్కలే!"

సెప్టెంబరు ఆఖరు. బాల్కనీల్లో ఎర్ర మిరపకాయలు కాలుస్తున్న పొగ బస్సు లోపలికి కూడా వస్తోంది. మెతోది కిటికీ పక్కన కూర్చుని చేతులు తొడల మీద పెట్టుకున్నాడు. పరీక్షలో ఏం చేయించాలా అని ఆలోచిస్తే, తనకు చేయించిన మనిషే గుర్తొచ్చాడు.

పన్నెండో ఏట మెతోదిని వాళ్ళ నాన్న, బెల్టుతో కొట్టి కొట్టి అలిసిపోయిన గని కార్మికుడు, తీసుకెళ్ళి స్పోర్ట్స్ స్కూల్లో పడేశాడు. అక్కడ వెయిట్‌లిఫ్టింగు కోచ్ గెంచో. రాడ్ ఎత్తబోయే ముందు ప్రతివాడూ వచ్చి గెంచో ముందు తల వంచేవాడు. మెడ మీద ఒకటి, రెండు చెంపల మీదా రెండు. హాలంతా మోగేవి. చెవుల్లో గుయ్యిమంటుంటే వెళ్ళి ఎత్తేవాళ్ళు. ఆ దెబ్బకు ఓ అర్థముంది, స్కూల్లో అందరికీ తెలుసు. 'నువ్వు ఎత్తగలవు, నేను చూస్తున్నా' అని. గెంచో ఎవరి మీద ఆశ వదులుకుంటే వాణ్ణి కొట్టడం మానేసేవాడు. పందొమ్మిదో ఏట నూట అరవై కిలోల కింద మెతోది భుజం విరిగింది. నాలుగు నెలల తర్వాత హాలుకి వచ్చి రాడ్ ముందు తల వంచుకుని నిలబడ్డాడు. గెంచో అతని పక్క నుంచి నడిచి వెళ్ళిపోయాడు. నాన్న బెల్టుకి కూడా ఏడవనివాడు ఆ రోజు ఏడ్చాడు.

ఆ తర్వాత తోలు కోట్ల రౌడీలు కార్లలో వచ్చి స్పోర్ట్స్ స్కూలు కుర్రాళ్ళను ఏరుకుపోయిన రోజులు. మెతోది కూడా మూడు నెలలు వెళ్ళాడు. మామూలు ఇవ్వని దుకాణాలవాళ్ళ వేళ్ళు విరిచే పని. రెండో మనిషి ఓ రొట్టెల బట్టీవాడు, "మెతోదీ, మీ అమ్మ నాకు తెలుసురా" అని పేరు పెట్టి బతిమాలాడు. విరిచాడు. వారం రోజులు రొట్టె తుంచినప్పుడల్లా ఆ చప్పుడే వినబడి, తినలేక, ఆ పని వదిలి కబేళాలో చేరాడు. పందులు కనీసం పేరు పెట్టి పిలవవు.

సోఫియాలో కోర్సు హాలు నిండా అద్దాలు. ఏ మూల చూసినా మెతోదికి మెతోదే కనబడి ఇబ్బంది పెట్టాడు. కోర్సు నడిపే లిల్యానాకు ముప్పై రెండేళ్ళుంటాయి, చేతిలో నోటుపుస్తకం. ఆవిడ అప్పగించిన మనిషి పేరు ఎవ్తీమ్. అరవై ఒకటి. ట్రాము నడిపి రిటైరయ్యాడు. భార్య పోయిన రెండేళ్ళుగా కుర్చీలోంచి లేవడం మానేస్తే, కొడుకు పోరు పెట్టి ఇక్కడికి లాక్కొచ్చాడట. ఆ కొడుకు బయట కారులో కూర్చుని ఉన్నాడు.

"ఎక్కడైనా నొప్పుందాండీ?" అన్నాడు మెతోది.

"ఎక్కడ లేదో అడుగు బాబూ, తొందరగా తేలిపోతుంది."

మొదటి అరగంట బ్రహ్మాండంగా జరిగింది. మెతోది ఆయన వెన్ను పక్కన రెండు వేళ్ళతో తడుముతూ వచ్చి, ఎక్కడ బిగిసిందో పట్టుకున్నాడు. నడిపించాడు, వంచాడు, గోడకు ఆనించి కూర్చోబెట్టాడు. లిల్యానా రాసుకుంటూనే పక్కనున్న అసిస్టెంటు కుర్రాడితో "చేతులు చూడు, ఎంత నెమ్మదిగా ఉన్నాయో" అంది. మెతోదికి అది వినబడింది. చెవులు ఎర్రబడ్డాయి.

ఆఖర్న నేల మీంచి రాడ్ ఎత్తడం. రెండు వైపులా పదేసి కిలోలు వేసి మొత్తం నలభై చేశాడు. ఎవ్తీమ్ వంగి లాగాడు, మోకాళ్ళ దాకా వచ్చి వదిలేశాడు. రెండోసారీ అంతే. మూడోసారి నేల నుంచి కదపనేలేదు.

"నావల్ల కాదు బాబూ. నన్నొదిలెయ్" అన్నాడు, నేల చూపులు చూస్తూ. "నేనైపోయాను."

మెతోదికి తెలుస్తోంది. నడుము తిన్నగా ఉంది, తొడల్లో బలముంది, ఊపిరి ఉంది. లేనిదల్లా లోపలి మనిషే. ఈయన ఎత్తగలడు. అది అనుమానం కాదు, పంది బరువు కంటితో చెప్పగలిగినంత నమ్మకం. ఆ నమ్మకం ఎదుటివాడికి చెప్పడానికి మెతోదికి తెలిసిన భాష ఒక్కటే. చెయ్యి లేచింది. మెడ మీద ఒకటి. కుడి చెంప మీద ఒకటి. ఎడమ చెంప మీద ఒకటి.

ఎవ్తీమ్ కళ్ళద్దాలు ఎగిరి, నేల మీద పడి పగిలాయి. ఎవరో ఆడపిల్ల కెవ్వుమంది.

"లే! లెగు! నేను చూస్తున్నా, లాగు!"

ఎవ్తీమ్ మొహం ముందు పాలిపోయి, తర్వాత కందగడ్డైంది. పళ్ళు కొరికాడు. గొంతులోంచి జంతువు అరుపులాంటిది ఒకటి వచ్చింది. వంగి రాడ్ పట్టుకున్నాడు. అది మోకాళ్ళు దాటింది, తొడలు దాటింది, మనిషి నిటారుగా నిలబడ్డాడు. అలాగే నిలబడి ఉన్నాడు. కిందికి దించి, రొప్పుతూ, తన చేతులను తనే వింతగా చూసుకున్నాడు.

మెతోదికి ఒళ్ళంతా సంతోషం. ఆ సంతోషంలోనే వెళ్ళి, స్టాండు మీంచి రెండున్నర కిలోల చిన్న ప్లేట్లు రెండు తెచ్చి, రాడ్ పక్కన గోడకు ఆనించాడు.

"గురువారం నలభై ఐదు" అన్నాడు. అని వెనక్కి తిరిగి అందరి మొహాలూ చూశాడు.

"మీరేం చేశారో మీకు తెలుస్తోందా?" అంది లిల్యానా, నోటుపుస్తకం మూసేస్తూ.

"లేపానండీ."

"కొట్టారు! ముసలాయన్ని చెంపల మీద కొట్టారు!"

"మరి... లేవాలి కదండీ."

పక్కనున్న కుర్రాడు మెతోది ఛాతీ మీద రెండు చేతులూ వేసి తోశాడు. మెతోది పిడికిలి దానంతటదే బిగిసింది. లిల్యానా అది చూసింది.

"మెతోదీ గారూ, ఆ చేతులు జేబుల్లో పెట్టుకుని బయటికి నడవండి. మళ్ళీ బయటికి తీశారంటే పోలీసుల్ని పిలుస్తాను."

మెతోది పెట్టుకున్నాడు. తలుపు దాకా వెళ్ళి ఆగాడు. జీవితంలో ఎవరినీ ఏదీ అడగని మనిషి అడిగాడు. "కొట్టకుండా ఎలా లేపాలో... ఈ ఆరు నెలల్లో నేర్పుతారు కదండీ? అది నేర్చుకుందామనే వచ్చాను."

"మీకు కాదు" అంది లిల్యానా.

ఎవ్తీమ్ కొడుకు దయాన్ కారు దిగి వచ్చి గాజు తలుపు అవతల నుంచి అంతా చూశాడు. అంతా అంటే దెబ్బలు చూశాడు. రాడ్ లేవడం చూడలేదు, అప్పటికే కారు డిక్కీ దగ్గరికి పరిగెత్తాడు. పెర్నిక్‌వాడు కనబడితే చాలు, 'ఇనుప యాంగ్లర్ ముక్క ఎక్కడ దాచావు?' అని సోఫియావాళ్ళు వెకిలిగా అడుగుతారు. కొట్లాటల్లో ఆ ఇనుప బద్దతో కొడతారని ఊరు పేరుతో పాటు అంటుకున్న అపకీర్తి అది. ఆ రోజు మాత్రం యాంగ్లర్ ముక్క సోఫియా నంబరు ప్లేటు ఉన్న కారు డిక్కీలోంచే బయటికి వచ్చింది.

"మా నాన్ననా? మా నాన్ననా కొట్టావ్?"

మొదటి దెబ్బ ఒకప్పుడు విరిగిన భుజం మీద పడింది. రెండోది చెవి పైన. మెతోది గోడకు తగిలి, జారబోయి నిలదొక్కుకున్నాడు. చేతులు జేబుల్లోనే ఉన్నాయి. దయాన్ మణికట్టు ఎక్కడ పట్టుకుని ఎటు తిప్పితే విరుగుతుందో అతనికి నిద్రలో లేపి అడిగినా తెలుసు. రెప్పపాటు పని. చేతులు బయటికి తీస్తే బతికేవాడు. తియ్యలేదు. ఈ రోజుకి ఇవి చేసింది చాలని అనుకున్నాడు.

"మీ నాన్నకి చెమట పట్టి ఉంది" అన్నాడు. "కోటు కప్పు. చల్లగాలి."

యాంగ్లర్ ముక్క దయాన్ చేతిలోంచి జారి కింద పడింది. మెతోది అతని పక్క నుంచి, జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ, బస్టాపు వైపు వెళ్ళాడు.

లోపల ఎవ్తీమ్ ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు. నీళ్ళొద్దన్నాడు, కుర్చీ వద్దన్నాడు.

"అమ్మాయ్, నా పేరు రాసుకో. గురువారం. ఆయనతోనే."

"ఆయన్ని తీసుకోవడం లేదండీ. మీ మీద చెయ్యి చేసుకున్నాడు."

"చేసుకుంది నా మీద కదమ్మా, నీ మీద కాదుగా! రెండేళ్ళుగా అందరూ నన్ను పువ్వుల్లో పెట్టి చూస్తున్నారు. చచ్చినవాడికి కూడా పువ్వులే పెడతారు." ఆయన అద్దాల్లేని కళ్ళు చికిలించి గోడ దగ్గరి చిన్న ప్లేట్ల వైపు వేలు చూపించాడు. "అవి నావి. అక్కణ్ణించి ఎవరూ తియ్యొద్దు."

లిల్యానా మెతోది దరఖాస్తు కాగితం తీసి, అప్పటికే కొట్టేసిన అతని పేరు కింద ఇంకో మాట రాసింది. మళ్ళీ పిలవాలి, అని.

బస్సులో మెతోది తల కిటికీకి ఆనించుకున్నాడు. పక్క సీటావిడ బజారు నుంచి మిరపకాయల బస్తా తెచ్చుకుంటోంది, అతని కాళ్ళ మీదికి ఒరిగితే "ఏమనుకోకు నాయనా" అంది. అతను ఏమీ అనుకోలేదు. కొండ మలుపుల దగ్గర ఎండ మొహం మీద పడింది, కళ్ళు మూసుకున్నాడు. పెర్నిక్‌లో అందరూ దిగిపోయాక డ్రైవరు వెనక్కి నడిచి వచ్చి, "పెద్దమనిషీ, దిగవా?" అని భుజం తట్టాడు. ఒళ్ళు చల్లగా ఉంది. డాక్టరు వచ్చి జేబుల్లోంచి ఆ చేతులు బయటికి తీయడానికి కొంచెం కష్టపడ్డాడు.

బుధవారం రంగెల్, కీరో శవపేటిక మోశారు. డోనా పిన్ని కుడిచేత్తోనే మట్టి వేసింది. దయాన్‌ను పోలీసులు అంతకుముందు రోజే తీసుకెళ్ళారు.

గురువారం ఎవ్తీమ్ రాలేదు. పోలీసు స్టేషను బెంచీ మీద, కొత్త కళ్ళద్దాలు కూడా చేయించుకోకుండా, కొడుకును చూపిస్తారేమోనని పొద్దుటి నుంచి కూర్చుని ఉన్నాడు. హాల్లో రాడ్‌ను ఎవరో విప్పి సర్దేశారు. గోడ దగ్గరి రెండున్నర కిలోల ప్లేట్లు రెండూ మాత్రం లిల్యానా తియ్యనివ్వలేదు. నేల తుడిచే ఆవిడ రోజూ వాటిని ఒక్కొక్కటే ఎత్తి, కింద తుడిచి, మళ్ళీ అక్కడే గోడకు ఆనించి పోతోంది.